గట్టి చెయ్యి

నా ముప్పై ఆరో ఏట నేను మొదటిసారి ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఏదో పెద్ద కంపెనీ అనుకునేరు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ గిరాకీకి, ఒక గాజుల దుకాణంలో, వచ్చిన ఆడవాళ్ళకు గాజులు తొడిగే పని. నెల రోజులుంటుంది, భాద్రపదం రాగానే పోతుంది. అయినా అంతకు ముందు నన్ను కూర్చోబెట్టి నీకేం వచ్చని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే దాన్ని ఇంటర్వ్యూ అనే అంటాను, ఎవరు నవ్వినా సరే.

ఆ ఇంటర్వ్యూకు నేను ఒక్కదాన్నే పోవాల్సింది. ఇద్దరం పోయాం. రెండో మనిషి నా ఏరాలు.

ఏరాలంటే తోడికోడలు, నా మరిది భార్య. నస్పూర్‌లో అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మా ఆయన ఆటో నడుపుతాడు, మరిది బొగ్గు బావి మీద కాంట్రాక్టు పనికి పోతాడు. నేను హుజూరాబాద్ నుంచి ఈ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్ళు. ఆమె లక్సెట్టిపేట నుంచి వచ్చి ఆరేళ్ళు. నేను ఎనిమిదేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరును ఆమె ఎనిమిది నెలల్లో తుడిచేసింది. అలాగని ఆమె నన్ను ఒక్క మాట అన్నది లేదు. అంటే బాగుండేది, నాకూ అనడానికి ఒక సందు దొరికేది.

ఆమె జొన్నరొట్టె చేస్తే పెనం మీద బెలూన్‌లా పొంగుతుంది. నేను చేస్తే ఒక పక్క పొంగి, రెండో పక్క అలిగి కూర్చుంటుంది. మా అత్త పొద్దున్నే లేచి, "చిన్నదాన్ని పెట్టుమను చాయ్," అంటుంది. నేను పొయ్యి ముందే నిలబడి ఉంటాను. చుట్టాలొస్తే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతారు, నన్ను నీళ్ళు అడుగుతారు. ఇవన్నీ ఓర్చుకున్నాను. నా కూతురు, నా కడుపున పుట్టిన పిల్ల, బడికి పోయేముందు దువ్వెన పట్టుకుని నన్ను దాటుకుని ఆమె దగ్గరికి పోతుంది. "నువ్వు ఏస్తే జడ వంకర అస్తది అమ్మా. చిన్నమ్మ మంచిగేస్తది," అంటుంది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఆమె చెయ్యి కూడా చిన్నది. గాజుల సైజులు రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని ఉంటాయి. అంకె పెరిగినకొద్దీ చెయ్యి పెద్దదన్నమాట. ఆమెది రెండు నాలుగు. నాది రెండు ఎనిమిది. గాజుల కొట్లో నా సైజు ఎప్పుడూ పైవరుసలో ఉంటుంది, స్టూలెక్కి తీయాలి. తీసేటప్పుడు దుకాణంవాళ్ళు నా చేతి వంక చూసే చూపు నాకు తెలుసు.

ఇలాంటి మనిషిని పక్కన పెట్టుకుని నాకు ఒక్కటే కోరిక ఉండేది. ఆమెకు రానిది, నాకు వచ్చేది, ఏదైనా ఒక్కటి ఉండాలి. ఆ ఒక్కటీ ఇంట్లో అందరికీ తెలియాలి. అంతకు మించి నాకేం అక్కర్లేదు.

ఆషాఢం చివర్లో ఒకరోజు కూరగాయలకని మంచిర్యాల పోయాను. గాజుల దుకాణం అద్దానికి తెల్ల కాగితం అంటించి ఉంది: శ్రావణమాసం సీజనుకు గాజులు తొడగడానికి ఒక మహిళ కావలెను, అనుభవం లేకున్నను పరవాలేదు. ఆ 'లేకున్నను పరవాలేదు' అన్న మాట నాకోసమే రాసినట్టనిపించింది. అనుభవం లేకపోవడంలో నన్ను మించినవాళ్ళు ఎవరున్నారు? ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

చేసిన తప్పేమిటంటే, సంతోషం పట్టలేక ఆ ఫోటో ఇంట్లో చూపించాను.

మా అత్త కళ్ళు చికిలించి చూసింది. చదివి చెప్పాను. "మంచిగనే ఉన్నది. ఇద్దరు గల్సి పోండ్రి," అన్నది. "ఒక్కల్నే తీసుకుంటరట," అన్నాను. "గందుకే ఇద్దరు పోండ్రి. ఒక్కలకన్న దొరుకుతది." ఆ ఒక్కరు ఎవరని ఆమె మనసులో ఉందో నాకు చెప్పకుండానే తెలిసింది. మా ఏరాలు రొట్టెల పిండి కలుపుతూ, "నేనెందుకత్తమ్మా, అక్క చూసుకున్నది గద," అన్నది. అత్త వినలేదు. ఆమె వద్దన్నందుకు కూడా నాకు కోపమే వచ్చింది. అందులోనూ మంచిదనిపించుకోవాలా?

ఆ మూడు రోజులూ నేను చదువుకున్నాను. నవ్వకండి, నిజంగానే చదువుకున్నాను. యూట్యూబ్‌లో ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఎలా చెప్పాలి అని వీడియోలుంటాయి. టై కట్టుకున్న ఒకాయన చెబుతాడు: మీ బలం ఏమిటంటే ఇలా చెప్పండి, బలహీనత ఏమిటంటే అతిగా కష్టపడటం అని చెప్పండి. బట్టలు ఉతుకుతూ, అంట్లు తోముతూ వల్లించాను. పదో తరగతి మెమో వెతికి తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను. మా ఏరాలు ఇంటర్ పాసైంది. ఆమె మెమో తీయలేదు, ఒక్క వీడియో కూడా చూడలేదు. చూస్తుందేమోనని ఆమె ఫోన్ పక్కనుంచి రెండుసార్లు తొంగిచూశాను కూడా. వాళ్ళ అవ్వతో మాట్లాడుతోంది, పంటి నొప్పి గురించి.

ఆ రోజు పొద్దున నేను పెళ్ళిళ్ళకు కట్టుకునే జరీ చీర కట్టుకున్నాను. ముసురు పట్టి ఉక్కపోస్తోంది, చీర బరువుకు చెమటలు. ఆమె రోజూ కట్టే ఆకుపచ్చ నూలు చీర కట్టుకుని, తల దువ్వుకుని, చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది. మా ఆయన ఆటోలోనే పోయాం. దింపేటప్పుడు ఆయన, "ఇద్దరు మంచిగ చెప్పుండ్రి," అన్నాడు. నన్నొక్కదాన్నే చూసి అనొచ్చు కదా. మొగుడు కూడా సగమేనా నాకు?

దుకాణం చిన్నదే. నేల నుంచి పైకప్పు దాకా గాజులు, ఎరుపు ఒక గోడ, ఆకుపచ్చ ఒక గోడ. మధ్యలో పరుపు మీద ఒక ముసలమ్మ. అరవై దాటి ఉంటాయి, కళ్ళద్దాలకు దారం, తల మీద తెల్ల దుపట్టా. ఊళ్ళో అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తారు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆ పరుపు మీదే కూర్చుందట. మమ్మల్ని చూడగానే, "ఒక్కటే జాగ ఉన్నది. ఇద్దరచ్చిండ్రు," అన్నది.

"ఏరాండ్లం ఖాలా," అన్నది మా ఏరాలు. నేను లోపల గుడ్ మార్నింగ్ మేడం అని సిద్ధంగా పెట్టుకున్నాను. చెప్పే సమయం దాటిపోయింది.

"ఇంతకుముందు యాడనన్న పని చేసిండ్రా?"

నేను ముందు అందుకున్నాను. "లేదు మేడం. కానీ నేర్చుకునే తపన నాలో చాలా ఉంది." టై కట్టుకున్నాయన మాట. ఖాలా కళ్ళద్దాల పైనుంచి చూసింది. "మేడం ఎవలు బిడ్డా ఈడ? ఖాలా అను." మా ఏరాలిని చూసింది. "చెయ్యలే ఖాలా," అని ఊరుకుంది ఆమె. అంతే. తపన లేదు, ఏం లేదు.

మెమో తీసి ఇచ్చాను. ఖాలా దాన్ని తిప్పి చూసి, గాజుల డబ్బా మీద పెట్టి, "చేతులు చూపియ్యి," అన్నది. గోళ్ళు చూసింది. అరచేయి నొక్కి చూసింది. మా ఏరాలి చేతులూ చూసింది. అప్పుడు ఒక ప్రశ్న వేసింది. ఏ వీడియోలోనూ లేని ప్రశ్న.

"కోపమస్తదా నీకు?"

"రానే రాదు ఖాలా," అన్నాను.

పక్కనుంచి మా ఏరాలు నన్నొకసారి చూసి తల దించుకుంది. పెదవుల మీద నవ్వు ఆపుకుంటోంది. ఖాలా ఆమెను అడిగింది. "అస్తది ఖాలా. అచ్చి పోతది," అన్నది. ఖాలా పకపకా నవ్వింది. నా మాటకు నవ్వని ముసలమ్మ ఆమె మాటకు నవ్వింది. నా ఒళ్ళంతా మండిపోయింది. ఇక్కడ కూడానా? పరాయి ఊళ్ళో, పరాయి మనిషి దగ్గర కూడా?

"గిరాకి ఇంక రాలే. మాటలతోటి నాకేం ఎర్కయితది? ఒకల చేతికి ఒకలు ఏసుకోండ్రి," అన్నది ఖాలా. రెండు డజన్ల మట్టిగాజులు తీసి మా ముందు పెట్టింది. రెండు నాలుగువి ఒక డజను, నా చెయ్యి చూసి అడగకుండానే రెండు ఎనిమిదివి ఒక డజను. మట్టిగాజులంటే గాజువే, మా దిక్కు ఆ పేరు. తొడగడం ఎలాగో ఒకసారి తన చేతి మీద చూపించింది. బొటనవేలిని అరచేతిలోకి మడవాలి, నాలుగు వేళ్ళ కణుపులను దగ్గరికి నొక్కాలి, గాజును నెట్టకూడదు, చేతిని గాజులోకి తీసుకురావాలి.

ముందు నాకే అవకాశం. ఆరేళ్ళలో నేను మా ఏరాలి చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. మెత్తగా ఉంది. ఆమె చేతిని నాకు వదిలేసింది. తడిగుడ్డను చేతిలో పెట్టినట్టు, ఎటు మడిస్తే అటు వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు, ఏడు. నా మొరటు వేళ్ళతో పన్నెండూ ఎక్కించాను. ఒక్కటి చిట్లలేదు. ఖాలా "అచ్ఛా" అన్నది. ఆ 'అచ్ఛా' విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇది నాకు వచ్చు! దేవుడా, నాకు ఒకటి వచ్చు.

ఆ వెంటనే ఇంకో ఆలోచన. ఆమెకూ వస్తే?

ఆమె నా చెయ్యి తీసుకుంది. మొదటిది ఎక్కింది, రెండోది ఎక్కింది. నాకంటే తొందరగా, నాకంటే సులువుగా. ఖాలా ముందుకు వంగి చూస్తోంది. మూడోది కూడా ఎక్కింది. సాయంత్రం ఇంట్లో మా అత్త మొహం నాకు కనిపించింది. "నేను చెప్పలే, చిన్నదానికి అస్తదని," అంటున్నట్టు. నా కూతురు చిన్నమ్మ మెడ చుట్టూ చేతులేసినట్టు.

నేను చెయ్యి బిగబట్టాను.

ఇది పొరపాటున జరిగిందని చెప్పను. పైకి ఏమీ తెలియకుండా, లోపల కణుపులను గట్టి చేశాను, బొటనవేలిని కొద్దిగా బయటికి తోశాను. అంతే. ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆగి, మళ్ళీ నొక్కాయి. నాలుగోది టక్కుమని విరిగింది. ఐదోది కూడా. ఆ ముక్క నా మణికట్టు మీద గీసుకుని సన్నగా రక్తం వచ్చింది. ఆమె గబుక్కున తన కొంగు తెచ్చి నా చేతికి అదిమిపెట్టింది.

"నాతోటి కాదు ఖాలా," అన్నది. "అక్కకు దెబ్బ తాకిచ్చిన."

ఖాలా ముక్కలన్నీ ఏరి రేకు డబ్బాలో వేసింది. నా మొహం ఒకసారి, ఆమె మొహం ఒకసారి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "శ్రావణం తొలిదినం నుంచి రా బిడ్డా. గీ జరీ చీర కట్టకు, గాజులకు తట్టుకుంటది," అన్నది.

తిరిగి అదే ఆటోలో ఇంటికి పోయాం. ఆమే మాట్లాడింది, మా ఆయనతో. "అక్కకు దొరికింది బావా. పన్నెండు ఏసింది, ఒక్కటి పల్గలే." ఇంటికి పోయి అత్తకూ అదే చెప్పింది. అత్త, "ఔనా? పెద్దదానికా?" అని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నేను కోరుకున్నది అదే. ఇంట్లో అందరూ విన్నారు. మణికట్టు మీద గీత మంట పుడుతూనే ఉంది, అయినా ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఆ నెలంతా పొద్దున తొమ్మిదింటికి పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చేదాన్ని. మొదటి వారం నా వేళ్ళు వాచిపోయాయి. పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ తల్లులు, మేనత్తలు, గౌరీపూజకని వచ్చేవాళ్ళు, ఊరికే రంగులు చూసి పోయేవాళ్ళు. ఖాలా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. డజను తొడిగాక పదమూడో గాజు దుకాణం తరఫున వేయాలి, తొడిగిన మనిషే ఏరి వేయాలి, ఏదో ఒక మంచి మాట చెప్పి వేయాలి. మొదట్లో నాకు మాట వచ్చేది కాదు. "చల్లగుండు" అనేదాన్ని, ముసలివాళ్ళకూ అదే, చిన్నపిల్లలకూ అదే. ఖాలా నవ్వేది.

అసలు విద్య ఏమిటో ఆమె పదో రోజున చెప్పింది. ఒక పెళ్ళికూతురు వచ్చింది, చెయ్యి కట్టెలా ఉంది. భయం. ఒక గాజు పెట్టి చూడటం, ఎక్కక పక్కన పెట్టడం, మళ్ళీ ఇంకోటి. మూడు విరిచాను. ఖాలా నన్ను జరగమని తాను కూర్చుంది. గాజు చేతిలోకి తీసుకోనేలేదు. పిల్ల బొటనవేలు పట్టుకుని, "మీ ఊర్ల వానలు పడ్డయా బిడ్డా? పత్తి ఏసిండ్రా?" అని అడిగింది. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది, పత్తి గురించి, వాళ్ళ బాపు గురించి, ఇంటికి తెచ్చిన కొత్త మేకపిల్ల గురించి. మాటల్లో పడి చూసుకునేసరికి మోచేతి దాకా గాజులు.

"చెయ్యిని చూడకు," అన్నది తర్వాత. "మనిషిని మాట్లాడియ్యి. నోరు ఇడిస్తే చెయ్యి ఇడుస్తది. గట్టి చెయ్యి మస్తు తీర్ల ఉంటది. భయంతోటి ఒకటి, సిగ్గుతోటి ఒకటి. పట్టుకోంగనే ఎర్కయితది."

నిజమే. పదిహేను రోజులు పోయేసరికి నాకూ తెలియడం మొదలైంది. ఒకరోజు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు వచ్చారు, అక్క పెళ్ళి. చెల్లెలు, తాను వద్దన్న రంగు కొంటున్నారని అలిగి ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకోగానే లోపల కణుపులు కావాలని గట్టిపడ్డాయి. మొహం మాత్రం ఏమీ ఎరగనట్టు గోడకేసి ఉంది. అది భయం కాదు, సిగ్గూ కాదు. నా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

అప్పుడు నాకు ఇంటర్వ్యూ రోజు గుర్తొచ్చింది. ఆ రోజు మా ఏరాలి వేళ్ళు సరిగ్గా అలాగే ఆగాయి. ఆమెకు తెలుసు. మొదటి క్షణం నుంచే తెలుసు. తెలిసే మళ్ళీ నొక్కింది, తెలిసే "నాతోటి కాదు ఖాలా" అన్నది.

తెలిసి సిగ్గుపడ్డానా అంటే, పడ్డాను. కానీ సిగ్గు కంటే కుళ్ళే ఎక్కువ, ఉన్న మాట చెబుతున్నాను. నేను గెలిచాననుకున్నది కూడా ఆమె ఇచ్చిందా? ఆ రోజు నుంచి ఇంట్లో ఆమెను గమనించడం మొదలుపెట్టాను. ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, మరిదితో అంటుంది, అత్తతో అంటుంది అని. నేను వచ్చేసరికి నా వాచిన వేళ్ళకు వేడినీళ్ళు పెట్టేది. "ఈ దినం ఎన్ని చేతులు అక్కా?" అని నవ్వేది. ఒకరోజు కావాలనే, "నీకు అచ్చినా బాగుండు ఈ పని," అని కెలికాను. "నీకు అచ్చింది గద, గదే మంచిగున్నది," అని చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది. ఒక్కసారి తిట్టవే తల్లీ! తిడితే ఇద్దరం సమానమవుతాం. ఆమె తిట్టలేదు.

శ్రావణం అయిపోయింది. పొలాల అమావాస్య నాడు ఎడ్లకు మువ్వలు కొనడానికి వచ్చినవాళ్ళతో పక్క కొట్లు నిండిపోయాయి, మా దుకాణం ఖాళీ. అదే నా ఆఖరి రోజు. గాజులన్నీ సైజుల వారీగా సర్ది, పరుపు దులిపి, అడగాలా వద్దా అని కాసేపు నిలబడి అడిగేశాను.

"ఖాలా, బతుకమ్మకు మల్ల పిలుస్తరా నన్ను?"

"పిలుస్త. గిరాకి మస్తుంటది. ఇద్దరు రాండ్రి. నీ ఏరాలిని గుడ తోలుకరా."

నోటి చివరే ఉంది, ఆపుకోలేకపోయాను. "ఆమెకు రాదు గద ఖాలా. ఆ దినం రెండు పల్గగొట్టె."

ఖాలా కళ్ళద్దాలు తీసి దుపట్టాతో తుడిచింది. తొందరేమీ లేకుండా తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఆమెకు రాకనా? మూడు ఎట్ల ఎక్కిచ్చిందో నేను చూడలేదా? నాలుగోదానికి నీ చెయ్యి ఏం చేసిందో గది గుడ చూసిన. నలభై ఏండ్ల సంది చేతులే చూస్తున్న బిడ్డా, ఇంకేం చూడలే."

"మరి నాకెందుకిచ్చిండ్రు?"

"ఆమెకిస్తే, ఇంట్ల ఆమెను బతకనిస్తుంటివా?"

తిట్టినట్టు అనలేదు. సైజు చెప్పినట్టు అన్నది, నీది రెండు ఎనిమిది అన్నట్టు. అని, రెండు డజన్లు తీసి పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది. చూడకుండానే తెలుసు. ఒకటి రెండు నాలుగు, ఒకటి రెండు ఎనిమిది. "పదమూడోది ఇద్దరికి నువ్వే ఏరు," అని డబ్బా ముందుకు తోసింది. మా సైజుల్లో చేతికి దొరికినవి రెండు తీసుకుని బయటపడ్డాను.

షేర్ ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ ఒక్క మాటే. నెల రోజులు నేను నా పనితనం అనుకున్నది ఇంకొకరి ప్రాణానికి కాపలా. ఖాలా మీద కోపం వచ్చింది, ఏరాలి మీద వచ్చింది, చివరికి ఎదురుగా కూర్చుని వేరుశనక్కాయలు తింటున్న ఆయన మీద కూడా వచ్చింది. ఖాలా అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ దొరకలేదు. వెతికాను.

బతుకమ్మకు ఇద్దరినీ రమ్మన్న సంగతి ఇంట్లో చెప్పకూడదని ఆటోలోనే నిర్ణయించుకున్నాను. నన్నే పిలిచింది అంటే సరిపోతుంది. ఖాలా నస్పూర్ వచ్చి చూస్తుందా?

ఇంటికి పోయేసరికి ఇంకా వెలుతురుంది. మా ఏరాలు గడప మీద కూర్చుని నా కూతురికి జడ వేస్తోంది. పొట్లం చూసి పిల్ల ఎగిరింది, "గాజులా అమ్మా?" అని. ఇక దాచడానికి లేదు. మా ఏరాలి ముందు కూర్చుని, "దా, చెయ్యి," అన్నాను. ఆమె చెయ్యి చాపింది. ఆ రోజులాగే వదిలేసింది. నేను గట్టి చెయ్యి కోసం వెతికాను, నిజం, ఆ కణుపుల మధ్య ఎక్కడైనా చిన్న బిగింపు దొరుకుతుందేమోనని. లేదు. పన్నెండు ఎక్కించి, పదమూడోది వేశాను. మంచి మాట ఏదీ నోటికి రాలేదు.

"ఇగ నీకు నేనేస్త అక్కా," అన్నది. నేను వద్దనేలోపే నా చెయ్యి ఆమె ఒళ్ళో ఉంది.

నా చెయ్యి దానంతటదే బిగుసుకుంది. ఈసారి నేను చేయలేదు. ఆమె గాజు తీసుకోలేదు. బొటనవేలు పట్టుకుని, "ఎట్లున్నది ఆఖరి దినం? ఖాలా మల్ల పిలుస్తనన్నదా?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. దుకాణం ఖాళీగా ఉందని, పక్క కొట్లో మువ్వల మోత అని, ఖాలా కళ్ళద్దాల దారం తెగితే నేనే ముడేశానని. చెబుతూ చెబుతూ, "బతుకమ్మకు మనిద్దర్ని రమ్మన్నది," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. కిందికి చూస్తే నా చేతికి పన్నెండు గాజులు.

పదో రోజున ఖాలా చెబితే గానీ నాకు తెలియని విద్య, గడప మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ఆమె చేసేసింది.

ఇక ఆగలేకపోయాను. "ఆ దినం నేను చెయ్యి బిగవట్టిన," అన్నాను. "నీకే దొరుకుతదని కడుపుల మండి పట్టిన."

ఆమె పదమూడో గాజును వెలుతురుకు ఎత్తి, పగులేమైనా ఉందేమో చూసింది. నా బొటనవేలు మడిచింది.

"ఎర్కే అక్కా," అన్నది. "నీ చెయ్యి నా చేతులనే ఉండె గద."

గాజు ఎక్కింది, విరగలేదు. నా కూతురు సగం వేసిన జడతో వచ్చి ఆమె మీద వాలింది, "చిన్నమ్మా, నాకు?" అని.